దాపట బాబాయ్ కాడి దించిన రోజు

మా ఆడబిడ్డ యశోదకి కోపం వస్తే ముందు తెలిసేది వీధికి. ఆమెకి వినపడదు కాబట్టి తను చేసే చప్పుడు ఎంతో తనకి తెలవదు. కుడితి బకెట్టు ఎత్తి గోలెం మీద పెట్టిందంటే ఎదురింట్లో ఉయ్యాల్లో పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తది. ఆ పొద్దున బకెట్టు వరసపెట్టి మోగింది. గిత్తేమన్నా పొడిచిందేమోనని పొయ్యి మీద పాలు వదిలేసి కొట్టంలోకి పరిగెత్తా. గిత్తలు రెండూ బెదిరిపోయి గోడకానుకుని నిలబడి ఉన్నై. ఆమె సెల్లు తెచ్చి నా మొహం ముందు పెట్టి, చూడమన్నట్టు తల ఎగరేసింది.

సెల్లులో ఎవడో ఎర్ర చొక్కావాడు ఎద్దుల ముందు డాన్సులేస్తన్నాడు. ఏందే ఇది, అన్నా. మా ఇంట్లోవాళ్ల పెదాలు కదిలితే చాలు, ఆమెకి అర్థమైపోయిద్ది. మన సైటు, అనింది. తగలబెట్టారు, అనింది. నాకేమో అవతల పాలు పొంగుతున్న వాసన.

నా పేరు కోటమ్మ. దుర్గి పక్కన పల్లె మాది. మా ఆయన యల్లమంద, ఆయన చెల్లెలు యశోద, నేను, కొట్టంలో ఒంగోలు గిత్తలు, ఇదీ మా సంసారం. మిరప వేస్తాం, పత్తి వేస్తాం, కానీ మా ఇల్లు నలుగురికీ తెలిసింది గిత్తల వల్లే. తిరనాళ్లలో బండలాగుడు పందేలకి మా మామ కాలం నుంచీ ఈ ఇంటి జత వెళ్తానే ఉంది. యశోదకి చిన్నప్పుడు జ్వరం తలకెక్కి వినికిడి పోయింది. అప్పటికే మాటలొచ్చు కాబట్టి మాట పోలేదు. కాకపోతే తన మాట తనకి వినపడక, గొంతు ఎత్తూపల్లం లేకుండా ఒకే తీరున, కాస్త గట్టిగా వచ్చిద్ది. బడిలో పిల్లలు వెక్కిరించారు. పెద్దయ్యాక ఒకసారి మాచర్ల బజారులో చీరల కొట్టాయన పక్కవాడి వైపు చూసి నవ్వాడు. అది కళ్లారా చూసింది. ఆ రోజు నుంచి గడప దాటితే నోరు తెరవటం మానేసింది. ఇంట్లో నన్ను తిట్టటానికి మాత్రం ఆ గొంతు బాగానే పనికొచ్చిద్ది.

వెక్కిరింతనన్నా ఓర్చుకుంటది గానీ ఆమెకి అస్సలు పడనిది ఒకటుంది. "అయ్యో." చుట్టాలొస్తారు, ఆమెని చూస్తారు, తల పక్కకి వాల్చి అయ్యో అంటారు. ఆ మాట పలికేటప్పుడు మూతి ఎట్టా గుండ్రంగా తిరిగిద్దో ఆమెకి ఎంత దూరం నుంచైనా తెలిసిపోయిద్ది. ఒక పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు మేనత్త అయ్యో అంటే, కాఫీ గ్లాసులు అట్టాగే వెనక్కి తీసుకుపోయింది. ఆ సంబంధం అక్కడే ఆగింది, ఇంకో సంబంధం తెస్తే మా ఆయనతో నెలరోజులు పలకలేదు. తర్వాత మేమూ ఆ ఊసెత్తలేదు. గిత్తల మేపు, దాణా, పందేనికి దిద్దుబాటు అంతా తన చేతిలో పెట్టుకుని మహారాణిలా ఉంది.

అట్టాంటి మనిషికి ఆ సైటు దొరికింది. దాని పేరు జతగిత్తలు. నాదెండ్ల కుర్రాడు సాయి కిరణ్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు పెట్టాడంట. ఎద్దుల పందేల పిచ్చి ఉన్నోళ్లంతా అందులో చేరి రాసుకుంటారు. పళ్లని బట్టే గిత్త వయసు లెక్క కాబట్టి పాలపళ్ల గిత్తలకి ఒక చోటు, రెండు పళ్లకి ఒక చోటు, నాలుగు పళ్లకి ఒక చోటు, ఒక్కో జతకి ఒక్కో పేజీ. ఏ ఊరి పందెంలో ఏ జత బండని ఎన్నడుగులు లాగిందో అదే పూట అందులో ఉండిద్ది. ఇవిగాక తగువులు అని ఒక చోటు. అందరూ ఉండేది అక్కడే.

యశోద అందులో పెట్టుకున్న పేరు దాపటెద్దు. కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దుని మేం అట్టా అంటాం. ఆ పేరు చూసి ఎవరో ముసలాయన అనుకున్నారు అందరూ. దాపట బాబాయ్ అని పిలవటం మొదలెట్టారు. ఆమె దిద్దలేదు. ఎందుకు చెప్పవే అని నేనడిగితే, ఆడదాన్నంటే ఎద్దుల సంగతి నీకెందుకమ్మా అంటారు, చెవుడంటే అయ్యో అంటారు, బాబాయ్ అంటే వాదిస్తారు, నాకు వాదించేటోళ్లు కావాలి, అనింది.

వాదించేటోళ్లలో మొనగాడు గురజాల సుభానీ. టైర్ల షాపుంది ఆయనకి. షాపు తమ్ముడికి అప్పజెప్పి ప్రతి పందేనికీ పోతాడు, కోర్టు పక్కన నిలబడి కొలతలు సెల్లులో కొడతాడు. పందెం జరిగే దారిని మావాళ్లు కోర్టు అంటారులెండి. ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడదు. ఆయన కుడి అంటే ఈమె ఎడమ. పోయినేడు కారంపూడి జతలో కుడివైపు గిత్త కాలు ఈడుస్తంది అని ఆయన, లేదు నీ కళ్లే ఈడుస్తన్నై అని ఈమె, కోతలు అయ్యేదాకా కొట్టుకున్నారు. మధ్యాహ్నం గిత్తలకి నీళ్లు పెట్టి, కొట్టంలో నులకమంచం మీద కూర్చుని, బొటనవేళ్లు రెండూ టకటకా ఆడిస్తా ఒక్కతే నవ్వుకుంటా ఉండేది. ఆమె నవ్వితే ఊరంతా వినపడిద్ది. బజారున పోయేవాళ్లు ఏంది కోటమ్మా, మీ కొట్టంలో అంత నవ్వు అని అడిగేవాళ్లు. సుభానీతో తగువాడతందిలే అనేదాన్ని. వాళ్లకి అర్థం కాక నావైపు అనుమానంగా చూసేవాళ్లు.

ఇప్పుడు ఆ సైటు ఊడ్చిపెట్టారు. సాయి కిరణ్ హైదరాబాదులో ఎవరితోనో కలిసి దాన్ని యాప్ చేశాడు. తెరవగానే వీడియోలు, వాటంతటవే అరుస్తా వచ్చేస్తై. జతల పేజీలు లేవు, పళ్ల వరసలు లేవు. రాసుకునే చోటు నెలాఖరుకి మూసేస్తాం, ఇకమీద అందరూ మాటల గదిలో మాట్లాడుకోవచ్చు అని పైన రంగుల అక్షరాలు. మాటల గదిలోకి పోవాలంటే ముందు మన గొంతుతో పరిచయం రికార్డు చేసి పంపాలంట. దొంగ పేర్లవాళ్లు రాకుండా ఇది కాపలా అంట.

జనం ఒంటికాలి మీద లేచారు. ఆ రోజుల్లో యశోద నాకు చదివి వినిపించినవి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొచ్చిద్ది. ఒకాయన, మా జత లాగిన కొలత చూద్దామని తెరిస్తే బట్టల సబ్బు అమ్ముతున్నారు, నా గిత్తకి సబ్బెందుకురా అని రాశాడు. ఇంకొకాయన, పందెం కాడ మైకు మోతకి పక్కనోడి మాట వినపడదు, మాటల గదిలో ఏం వింటావ్ నీ తలకాయ, అన్నాడు. కృష్ణ అవతల నల్గొండ వాళ్లు వాళ్ల యాసలో తిట్టారు, అవి ఇంకా గట్టిగా ఉన్నై. కొత్తది బాగానే ఉందన్నవాడు ఒక్కడొచ్చాడు. వాడు మాపటికల్లా తను రాసింది తుడిపేసి పోయాడు.

సాయి కిరణ్ అందరికీ ఒకటే జవాబు పెట్టాడు. కాలంతో మారాలి, మొదట్లో కష్టంగానే ఉండిద్ది, అలవాటైపోయిద్ది, అని. మీకేమన్నా చెప్పుకునేది ఉంటే ఆదివారం పొద్దున మాటల గదిలోకి రండి, నేనే స్వయంగా వింటా, అన్నాడు. నాకది చదివి కడుపు మండింది. రాసి చెప్తుంటే చదవనోడు నోటితో చెప్తే వింటాడా?

అప్పుడు సుభానీ ఒక మాట రాశాడు. అందరం ఒక్కసారే అరిస్తే ఏమీ తెలవదు, మన తరఫున ఒకరు మాట్లాడాలి, అది దాపట బాబాయే, ఆయన మాటకి ఎదురు చెప్పగలిగినోడు నేను తప్ప ఇంకెవరూ లేరు, అని. దాని కింద ఔను బాబాయే, బాబాయ్ నువ్వే రావాలి అని అందరూ. ఆ సెల్లు నా చేతికిచ్చి యశోద చేటలో ఉలవలు పోసుకుని ఏరటానికి కూర్చుంది. రాళ్లు ఒక పక్క, ఉలవలు ఒక పక్క వేయాల్సింది, అన్నీ కలిపేస్తంది. నేను చూస్తానే ఉన్నా.

ఆమె ఏ జవాబూ రాయలేదు. బాబాయ్ ఏమైపోయావ్ అని అడిగారు. రాయలేదు. బాబాయ్ జంకినట్టున్నాడు అని సుభానీ రెచ్చగొట్టాడు. దానికీ పలకలేదు. ఆ సైటు ఒక్క చోటే ఆమె అందరిలాంటి మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే ఆడదని తెలిసిపోయిద్ది, వినపడదని తెలిసిపోయిద్ది, ఆ గొంతు వాళ్లంతా వింటారు. తెరవకపోతే నెలాఖరుకి ఆ చోటే ఉండదు. ఎట్టా చూసినా పోయేది ఆమెదే.

మా ఆయనకి ఉన్నట్టుండి తెలివి పుట్టింది. నేను మాట్లాడతా, అన్నాడు. మగ గొంతు, నలుగురిలో మాట్లాడిన అలవాటు, పోయినసారి సర్పంచి ఎన్నికల్లో మైకు పట్టుకున్నా కూడా, నువ్వు రాసివ్వు, నేను చదువుతా, బాబాయ్ బాబాయ్‌గానే ఉంటాడు, అన్నాడు. నాకు బాగానే తోచింది. పెళ్లయిన ఇన్నేళ్లకి ఈయన ఒక పనికొచ్చే మాటన్నాడనుకున్నా. యశోద ఆయన పెదాలు చివరిదాకా చూసి, చేట కింద పెట్టింది.

"నా తగువు నీకెందుకియ్యాలన్నా? నా మాట నా గొంతులోనే పోవాల," అనింది.

ఆయన చిన్నబుచ్చుకుని బయటికెళ్లాడు. ఆమె అప్పుడు నాకు తన చిన్ననాటి సంగతొకటి చెప్పింది. ఎప్పుడో విన్నదే, ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆమెకి ఇంకా చెవులు బాగున్న రోజులు. మా మామ జతని ఒక తిరనాళ్లకి తోలుకెళ్లాడు, కూతురిని భుజం మీద ఎక్కించుకుని. వీళ్ల వంతు వచ్చేసరికి కమిటీవాళ్లు బండ మార్చారు. ముందు జతలు లాగిన బండ వేరు, వీళ్లకి పెట్టింది ఇంకా బరువైంది. మా మామ అరవలేదు, కర్ర ఎత్తలేదు. కోర్టు నడిమధ్యలో గిత్తల మెడల మీద నుంచి కాడి దించి నేల మీద పెట్టాడు. మూపురం మీద చెయ్యేసి నిలబడ్డాడు. మా వైపు ఒకడు న్యాయం అడుగుతా కాడి దించితే, ఆ సంగతి తేలేదాకా ఇంకెవరూ జత కట్టి కోర్టులోకి రాకూడదు. పగవాడైనా సరే రాకూడదు. అట్టాగే ఎవ్వరూ రాలేదు. మైకులో అరిచే ఆయన కూడా ఆగిపోయాడంట. అంత జనం, ఒక్క చప్పుడు లేదు, నేను విన్న వాటిల్లో నాకు బాగా గుర్తుంది అదే వదినా, అనింది.

ఆదివారం పొద్దున కొట్టంలోనే కూర్చున్నాం. గొంతు రికార్డు చేయాల్సిన చోట ఆమె "దాపటెద్దు" అని ఒక్క మాట అని పంపింది. అది యంత్రం తీసుకుంది, దానికేం తెలుసు. గదిలోకి పోయాం. నా పని ఏందంటే, మాటలు విని వేళ్లతో సైగ చేయటం, ఆమె వంతు వచ్చినప్పుడు చెయ్యెత్తటం. సాయి కిరణ్ గొంతు బెల్లం పూసినట్టు ఉంది. మనదంతా ఒక కుటుంబం అంటన్నాడు. మధ్యలో ఎవరో దగ్గుతున్నారు, ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూతేస్తంది. ఇంతలో సుభానీ అనుకుంటా, బాబాయ్ వచ్చాడు, గమ్మునుండండి, అన్నాడు. అందరూ గమ్మునయ్యారు. నేను చెయ్యెత్తా.

యశోద సెల్లు దగ్గరికి తీసుకుంది. ఎన్నేళ్లో అయింది ఆమె బయటివాళ్లతో మాట్లాడి.

"నా పేరు యశోద. దాపటెద్దుని నేనే. ఆడమనిషిని. నాకు వినపడదు. మీరిప్పుడేమన్నా నాకు తెలవదు. ఇన్నేళ్లు మీతో తగువాడానంటే రాసే చోటు ఉండబట్టే. గొంతు కావాలన్నారుగా, ఇదే నా గొంతు, బాగా వినండి. మళ్లా వినపడదు. రాసే చోటు మూస్తే నేను రాను. కాడి దించుతున్నా."

చెప్పి సెల్లు నా ఒళ్లో పడేసి, లేచి గిత్త పక్కన నిలబడి మూపురం మీద చెయ్యేసింది. మా మామని నేను అట్టా చూళ్లేదు గానీ, ఇట్టాగే నిలబడి ఉంటాడు.

సెల్లులో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఏందిరా ఆ గొంతు, అన్నాడు. వాడు దొరికితే ఆ కుడితి గోలెంలో ముంచి తీసేదాన్ని. నవ్వినోడు పేరు చెప్పు అని సుభానీ అడిగాడు. సాయి కిరణ్ తడబడ్డాడు. అయ్యో మేడమ్, మాకు తెలియదు మేడమ్, మీలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ఏదన్నా ఏర్పాటు చేస్తాం మేడమ్, అంటన్నాడు. ఆ అయ్యో ఆమెకి వినపడనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నా.

"ప్రత్యేకం ఎవడడిగాడు? ఉన్నదాన్ని తీసేసింది నువ్వు," అన్నాడు సుభానీ. "మేం కూడా దించాం." టక్కున ఒక చప్పుడయింది, గదిలోంచి పోయాడు. ఆ వెనకే ఇంకొకరు దించాం అన్నారు, మళ్లా టక్కుమంది. దించాం, దించాం అనుకుంటా అందరూ పోతన్నారు. చివరికి సాయి కిరణ్ ఒక్కడే హలో హలో అంటన్నాడు. నేను కట్టేశా.

జరిగింది జరిగినట్టు ఆమెకి చెప్పా. నవ్వారా, అనింది ముందుగా. అబద్ధం చెప్పొచ్చు. కానీ నా మొహం చూసి పట్టేస్తది. ఒకడు నవ్వాడే, అన్నా. ఒకడేనా, అని గిత్తకి గంగడోలు గోకుతా ఉండిపోయింది.

ఆ వారంలోనే మాచర్ల వైపు ఒక ఊళ్లో పెద్ద పందెం. మామూలుగా అయితే మొదటి జత కోర్టులోంచి బయటికి రాకముందే కొలత సైటులో ఉండిద్ది. ఆ రోజు ఒక్క అంకె లేదు. సుభానీ కోర్టు పక్కనే ఉన్నాడంట, సెల్లు జేబులోంచి తీయలేదంట. మా ఆయన కళ్లారా చూసొచ్చాడు. ప్రకాశం జిల్లావాళ్లు రాయలేదు, నల్గొండవాళ్లు రాయలేదు. సాయి కిరణ్ ఎవరెవరికో ఫోన్లు చేశాడంట, ఒక్కరూ ఎత్తలేదు. యాప్ తెరిస్తే ఆ ఎర్ర చొక్కావాడే డాన్సులేస్తన్నాడు. వాడి పుణ్యాన ఎద్దుల మొహమన్నా కనపడింది.

దిగొచ్చాడు మరి సాయి కిరణ్. పాత చోటు తెరిచాం, ఎవరూ గొంతు పంపనక్కర్లేదు, ఎవరికిష్టమైనట్టు వాళ్లు రాసుకోండి, అని పెట్టాడు. చూస్తే ఆ దారి యాప్ అడుగున ఎక్కడో మూల, ఆవగింజంత మీట. యశోద అది చూసి మూతి ముడిచింది. నడిమింట్లో ఉండాల్సినదాన్ని కొట్టంలో కట్టేశాడు, దీని సంగతి తర్వాత చూస్తా, అనింది. అనిందే గానీ మీట నొక్కలేదు. సెల్లు మంచం మీద బోర్లా పెట్టి దాణా కలిపింది, పేడ ఎత్తింది, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. పొద్దుగూకే వేళయింది. చివరికి సెల్లు తెచ్చి నాకిచ్చింది.

"ముందు నువ్వు చూడు వదినా. అయ్యో అని ఒక్కటున్నా చెప్పు. ఇంక నేను అందులోకి పోను."

ఇంతమంది కాడి దించి, సాయి కిరణ్‌ని దించి, తీరా ఆమె పోకపోతే ఇదంతా ఎందుకు? మీట నొక్కా. తగువులు అనే చోటికి పోయా. అన్నిటికంటే పైన సుభానీ రాసింది. కళ్లజోడు లేకుండా కూడబలుక్కుని చదివా.

"పిన్నీ, ఇన్నాళ్లు బాబాయ్ అన్నా, ఇప్పుడు పిన్ని అంటా, అంతే తేడా. అసలు సంగతికి రా. పోయినేడు కారంపూడి జత కుడి గిత్త కాలు ఈడ్చలేదన్నావ్. తప్పు. నా కాడ ఫోటో ఉంది. ఒప్పుకుంటావా లేదా?"

దాని కింద చాంతాడంత తగువు. సుభానీదే రైటని సగం మంది, పిన్ని చెప్పిందే నిజమని సగం మంది. ఒకడు పిన్నికి కళ్లద్దాలు కొనివ్వాలన్నాడు. కింద దాకా వెతికా. మళ్లా పైనుంచి వెతికా. అయ్యో అన్న మాట ఎక్కడా లేదు. నాకు ఏడుపాగలేదు. కొంగుతో మొహం కప్పుకున్నా.

నేను ఏడవటం చూసి ఆమె మొహం తెల్లబోయింది. గబుక్కున సెల్లు లాక్కుంది. చదివింది. చదువుతా చదువుతా కనుబొమలు దగ్గరికొచ్చినై, ముక్కుపుటాలు లేచినై. పక్కనున్న బకెట్టు ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుకుంటా పోయి గోలేనికి తగిలిన మోతకి ఎదురింటి పసిపిల్ల కెవ్వుమనింది.

"ఫోటో అంట, ఫోటో. పెట్టమను చూద్దాం," అనింది వీధి చివరిదాకా వినపడేట్టు, నులకమంచం మీద కాళ్లు బారజాపుకుని బొటనవేళ్లు రెండూ ఆడిస్తా.

ఆ పూట గిత్తలకి నీళ్లు నేనే పెట్టా.